సోలార్ ప్యానెళ్ల కన్నా ముందు ఫ్యాన్ల లెక్క చూడండి

ప్రశ్న: మాది నరసన్నపేట. మేడ మీద సోలార్ పెట్టిద్దామనుకుంటున్నాం. ఏడాది బిల్లులు కూడితే నెలకు సగటున 280 యూనిట్లు తేలింది. డీలరు 3 కిలోవాట్లకు 1,95,000, 2 కిలోవాట్లకు 1,30,000 చెప్పారు. ఇంట్లో ఐదు పాత ఫ్యాన్లు, నాలుగు ట్యూబ్‌లైట్లు, పదిహేనేళ్ల నాటి ఫ్రిజ్ ఉన్నాయి. ఏసీ లేదు. మీటరు ఇంకా చనిపోయిన మామగారి పేరునే ఉంది. బంగారం తాకట్టు పెట్టి 3 కిలోవాట్లు పెట్టించమంటారా?

జవాబు: అమ్మా, బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. దానికన్నా ముందు 16,000 రూపాయలతో అయ్యే పని ఉంది.

మన ఇళ్ల కరెంటుకు శ్లాబుల లెక్క. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, ఆపైన 400 వరకు 8.75 చొప్పున లెక్కేశాను. మీ తాజా బిల్లుతో సరిచూసుకోండి. మీ 280 యూనిట్లకు 1,498 రూపాయలు. స్థిర ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు, సుంకం వేరే. ఇందులో చివరి 55 యూనిట్లకే 481 రూపాయలు పోతున్నాయి. మీరు ఆదా చేసే యూనిట్లు ముందుగా ఆ ఖరీదైన శ్లాబు నుంచే తగ్గుతాయి.

పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. ఐదూ సగటున రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 135 యూనిట్లయ్యేది 54కు వస్తుంది. చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ దాదాపు 50 వాట్లు, ఎల్‌ఈడీ 20. నాలుగూ ఆరు గంటలు వెలిగితే ఇంకో 21 యూనిట్లు మిగులుతాయి. మొత్తం 102. బిల్లు 178 యూనిట్లకు, అంటే 735 రూపాయలకు దిగుతుంది. ఫ్యాను 3,000, లైటు 250 చొప్పున పెట్టిన డబ్బు 21 నెలల్లో తిరిగొస్తుంది. ఇంత రాబడి ఏ ఎఫ్‌డీ ఇస్తుంది?

ఎక్కువ గంటలు తిరిగే హాలు, పడకగదుల ఫ్యాన్లు ముందు మార్చండి. రోజుకు రెండు గంటలే తిరిగే ఫ్యాను మార్చితే నెలకు మూడు యూనిట్లు కూడా మిగలవు. అలాంటిది ఉంటే వదిలేయండి. బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటర్ తీయించి నేరుగా స్విచ్‌కి కలపమనండి. అది మధ్యలో ఉంటే వేగం ఎగుడుదిగుడవుతుంది, లోపలి సర్క్యూట్ కాలిపోనూ వచ్చు.

ఫ్రిజ్‌ని మాత్రం కొలవకుండా మార్చొద్దు. ఒక రాత్రి మిగతావన్నీ ఆపి, ఫ్రిజ్ ఒక్కటే నడిపి, పదింటికీ ఆరింటికీ మీటరు రీడింగ్ రాసుకోండి. ఎనిమిది గంటల్లో 0.6 యూనిట్ దాటితే మార్చడం గురించి ఆలోచించొచ్చు. అంతకన్నా ముందు తలుపు రబ్బరు చూడండి: కాగితం పెట్టి తలుపు మూసి లాగితే జారి వచ్చేస్తుంటే రబ్బరు మార్చితే చాలు.

ఇక సోలార్. ఒక కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే 2 కిలోవాట్లకు నెలకు 240. మీ 178కి సరిపోయి, రేపు ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నా ఇబ్బంది లేదు. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం సబ్సిడీ 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000. సబ్సిడీ పోను 3 కిలోవాట్లకు మీ చేతి నుంచి 1,17,000 పడుతుంది. ఫ్యాన్లు, లైట్లు, 2 కిలోవాట్ల సోలార్ కలిపినా 86,000. రెండు దారుల్లోనూ పోయేది అదే 1,498 బిల్లు, మిగిలేది 31,000.

ఒక మాట దాచను. ఫ్యాన్లు మార్చాక ఆ 735 మీద 2 కిలోవాట్ల ఖర్చు 70,000 రాబట్టడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి కాబట్టి నష్టం కాదు, కానీ తొందరా లేదు. ఆరు నెలల కొత్త బిల్లులు చూసుకుని దిగండి. సబ్సిడీ ప్యానెళ్లు బిగించి, తనిఖీ అయ్యాకే ఖాతాలో పడుతుంది కనుక మొదట 1,30,000 చూసుకోవాలి. చాలకపోతే బంగారం మీద కాదు, ఈ పథకం కింద ప్రభుత్వ బ్యాంకులు పూచీకత్తు లేకుండా ఇచ్చే అప్పు అడగండి.

ఈలోపు మీ కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ కార్యాలయంలో మీటరు మీ ఇంటాయన పేరుకో, మీ పేరుకో మార్పించండి. దరఖాస్తు పేరు, మీటరు పేరు కలవకపోతే సబ్సిడీ ఆగిపోతుంది.

తుఫాను మాట కూడా చెప్పాలి. 2018 అక్టోబరు తిత్లీ మీకు గుర్తుండే ఉంటుంది. బ్యాటరీ లేని సోలార్, వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవారికి షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. కాబట్టి ఇంట్లో ఇప్పటికే బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే అమ్మేయొద్దు. స్టాండుకు వేడి గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా జింకు పూత) చేసిన ఇనుము, స్టెయిన్‌లెస్ బోల్టులు, మేడ శ్లాబులోకి దిగే యాంకర్ బోల్టులు వాడతానని డీలరు చేత కొటేషన్‌లోనే రాయించుకోండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు ఊరికే బరువుగా పెట్టి నిలబెడతామంటే ఒప్పుకోకండి.