గోడలోంచి మనుషులు వస్తున్నారంటున్న అమ్మ

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. నాన్న పోయాక రాజమహేంద్రవరంలో సొంత ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. ఏడాదిగా, పైవాటాలో అద్దెకున్నవాళ్లు రాత్రిపూట గోడలోంచి వచ్చి బియ్యం, నూనె తీసుకుపోతున్నారని, తన గురించే గుసగుసలాడుతున్నారని అంటోంది. అన్నయ్య కెమెరా పెట్టించి, అందులో ఎవరూ లేరని చూపిస్తే, దాన్ని కూడా వాళ్లే మార్చేశారంది. డాక్టరు మాట ఎత్తితే ‘నాకేమైనా పిచ్చా?’ అని ఏడుస్తుంది. తెలిసిన మందుల షాపులో బిళ్లలు తెచ్చి మజ్జిగలో కలిపి ఇద్దామని అన్నయ్య అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ మజ్జిగ ఆలోచన మానుకోమని అన్నయ్యకు చెప్పండి. తనకు తెలియకుండా ఏదో జరుగుతోందని భయపడుతున్న మనిషి కంట ఆ బిళ్ల పడితే, ఆమె భయం నిజమైపోతుంది. ఇక మీ చేతి అన్నం కూడా ముట్టదు. పైగా ఈ మందులతో పెద్దవాళ్లకు మత్తు, తూలు వస్తాయి. రాత్రి లేచి పడితే తుంటి ఎముక విరగవచ్చు. మోతాదు డాక్టరు చూసి నిర్ణయించవలసిందే.

కెమెరా వల్ల ఫలితం లేకపోవడంలో వింత లేదు. ఆ గుసగుసలు ఆమె తన చెవులారా విన్నవి. వాటిని కాదని యంత్రాన్ని ఎందుకు నమ్మాలి? మీరు రుజువులు తెచ్చిన కొద్దీ, మీరూ అవతలి పక్షమేనని ఆమె అనుకుంటుంది. అలాగని ‘అవునమ్మా, నేనూ చూశాను’ అని వంత పాడవద్దు. ‘నాకు ఆ చప్పుడు వినపడలేదమ్మా. కానీ నువ్వు రాత్రంతా మేలుకుని కూర్చుంటున్నావంటే నాకు బాధగా ఉంది’ అనండి. ఇందులో అబద్ధం లేదు, వాదనా లేదు. ఆమె ఎదుట అన్నయ్యతో గొంతు తగ్గించి మాట్లాడకండి. పైవాటా వాళ్లకు విషయం విడిగా చెప్పి, ఓపిక పట్టమని అడగండి.

అసలు మీ అమ్మగారికి చెవులు సరిగ్గా వినపడుతున్నాయా? వయసు మళ్లాక మొదలయ్యే ఇలాంటి అనుమానాలు వినికిడి తగ్గినవారిలో, ఒంటరిగా ఉండేవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. సగం వినపడిన మాటను మనసే పూరించుకుంటుంది. గోడల్లోంచి మనుషులు వస్తున్నారనడం కూడా మానసిక వైద్యులు తరచూ వినే మాటే. ఇంకొకటి గమనించండి: డబ్బా తానే ఎక్కడో పెట్టి మరిచిపోయి, పోయిందంటోందా? మతిమరుపు జబ్బు దొంగతనం అనుమానాలతో బయటపడటం కద్దు.

అందుకని మొదట ఆమె ఒప్పుకునే దారిలో వెళ్లండి. నిద్ర పట్టడం లేదన్నది ఆమె బాధే కదా. దానికోసం, చెవుల కోసం, ఆమెకు అలవాటైన డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. జరుగుతున్నదంతా ముందుగా ఆయనకు చెప్పి ఉంచండి. థైరాయిడ్, బి12, సోడియం, చక్కెర పరీక్షలు అవసరమేమో ఆయన చూస్తారు. మానసిక వైద్యుణ్ణి కలవమని ఆయన చెబితే, మీరు చెప్పినప్పటికంటే తేలికగా ఒప్పుకోవచ్చు. ‘కంటి డాక్టరు’ అని మభ్యపెట్టి మాత్రం తీసుకువెళ్లవద్దు. మందు మొదలుపెట్టినా గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నమ్మకం పూర్తిగా పోకపోయినా, దాని బాధ తగ్గి హాయిగా నిద్రపోయేవారు చాలామంది.

రెండు మూడు రోజుల్లోనే తికమక పెరిగి మనుషులను గుర్తుపట్టకపోతే, మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటిదేదో కారణం కావచ్చు. అప్పుడు అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తిండి మానేసినా, చనిపోతానన్నా, కత్తి పట్టుకుని పైకి వెళ్లబోయినా ఆమె ఒప్పుకోలు కోసం ఎదురుచూడకండి. అలాంటి స్థితిలో, కొన్ని షరతులతో, ఆమె సమ్మతి లేకున్నా ఆసుపత్రిలో చేర్చడానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వీలు కల్పిస్తుంది. మీరు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416 ఉంది. రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు కూడా ఫోను చేయవచ్చు.

ఈ వారాంతం మీరు వెళ్లండి. ఆమెను అడిగి ఆ కెమెరా తీయించండి. రెండు రాత్రులు ఆమె గదిలోనే పడుకోండి. చప్పుడైందని లేపితే, లైటు వేసి, ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోండి.