హెడ్ మార్చాక ఇంజన్ మిస్ కొడుతుంటే (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: సార్, నాది 1998 మోడల్ ఓమ్నీ, కార్బురేటర్ బండి. చుట్టుపక్కల ఊళ్లకు కూరగాయలు వేసుకుని తిరుగుతాను. మొన్న ఎండల్లో వాటర్ హోస్ పగిలి ఇంజన్ బాగా వేడెక్కింది, హెడ్‌కి (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగానికి) క్రాక్ వచ్చిందన్నారు. పాత సామాన్ల షాపులో ఇంకో హెడ్ కొని, లేత్ షాపులో వాల్వులు గ్రైండింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్, కొత్త టైమింగ్ బెల్ట్ వేసి బిగించారు. అప్పటినుంచీ మిస్సింగ్, ఇంజన్ సాఫీగా కాకుండా తడబడుతూ నడుస్తోంది. పొద్దున స్టార్ట్ చేస్తే బండి మొత్తం ఊగిపోతుంది, పావుగంట తిరిగాక కొంచెం నయం, కానీ ఐడిలింగ్‌లో పూర్తిగా పోదు. మూడో సిలిండర్ ప్లగ్ తీస్తే నల్లగా, పెట్రోల్‌తో తడిసి ఉంటోంది. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, కాయిల్ మార్చాం, కార్బురేటర్ విప్పి కడిగించాం. ఇప్పుడు మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ (కాయిల్ కరెంటును వరసగా ఒక్కో ప్లగ్‌కి పంచేది) మొత్తం మార్చాలంటున్నాడు. మార్చమంటారా?
(సత్తుపల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దు, ఇప్పుడే మార్చకండి. ఇప్పటికే మీ చేత అవసరం లేని సామాన్లు చాలా కొనిపించారు, అది చదువుతుంటే నాకు బాధగా ఉంది, ఎందుకంటే ఇంత ఖర్చులో ఒక్కసారి కూడా ఎవరూ కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడిని కొలిచే మీటర్) పెట్టి చూసినట్టు మీరు రాయలేదు. హెడ్ విప్పకముందు ఆ బండి మిస్ కొట్టలేదు కదా. అంటే హెడ్ విప్పి బిగించేటప్పుడు చెయ్యి పడ్డ చోటే తేడా ఉండాలి, ముందు అక్కడ వెతకాలి.

మీరు రాసిన లక్షణాలే సగం సంగతి చెప్పేస్తున్నాయి. కార్బురేటర్ ఒకటే, మూడు సిలిండర్లకూ పెట్రోల్ అక్కడినుంచే వెళ్తుంది, అది పాడైతే మూడూ ఏడవాలి గానీ మూడోది ఒక్కటే ఏడవదు. కాయిలూ అంతే. టైమింగ్ బెల్ట్ ఒక పన్ను తప్పితే మొత్తం ఇంజన్‌కే పికప్ పోతుంది. మీ బండి ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-2, ప్లగ్ వైర్లు రెండూ మూడూ తారుమారైతే ఒక్క సిలిండరే కొడుతుంది కాబట్టి బండి అసలు ఊళ్లకు తిరిగే స్థితిలోనే ఉండదు, కార్బురేటర్‌లోంచి టపటపా పేలుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి పీలుస్తుంటే ప్లగ్ తెల్లగా ఎండిపోయి ఉంటుంది, మీదేమో తడిగా ఉంది. పెట్రోల్ వస్తోంది, మండడం లేదు, అంతే.

ఇక మండకపోవడానికి రెండే కారణాలు, నిప్పు లేకపోవడం లేదా కంప్రెషన్ లేకపోవడం. నిప్పు సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది: ఇంజన్ ఆపి మూడో ప్లగ్ తీసి, దాని వైరుకే తగిలించి, ప్లగ్ లోహం ఇంజన్‌కి గట్టిగా ఆనేలా పెట్టి, పెట్రోల్ ఆవిరి లేని చోట, ఆ ప్లగ్ రంధ్రానికి దూరంగా, సెల్ఫ్ కొట్టి చూడండి. నీలంగా బలంగా మెరుపు వస్తే డిస్ట్రిబ్యూటర్ మాట వదిలేయండి. మెరుపు బలహీనంగా ఉంటే కూడా ముందు డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల మూడో వైరు దగ్గర పగులు గానీ పచ్చటి చిలుము గానీ ఉందేమో చూడాలి, క్యాప్ ఒక్కటీ మారిస్తే సరిపోయేదానికి మొత్తం కొనక్కర్లేదు.

నా అనుమానం మాత్రం వాల్వుల మీద, అందులోనూ టాపెట్ల మీద, అంటే వాల్వుకీ దాన్ని నొక్కి తెరిచే రాకర్‌కీ మధ్య ఖాళీ సెట్టింగ్ మీద. కారణం చెప్తాను, ఇది మీ మెకానిక్‌కి కూడా చదివి వినిపించండి. లేత్ షాపులో వాల్వు కూర్చునే సీటు కోసి వాల్వు గ్రైండింగ్ చేస్తే వాల్వు హెడ్‌లోకి కొంచెం దిగుతుంది, అది దిగిన మేరకు దాని కాడ పైకి లేస్తుంది, పైకి లేస్తే రాకర్‌కీ కాడకీ మధ్య ఉండాల్సిన ఖాళీ తగ్గిపోతుంది. పాత సెట్టింగ్ అలాగే వదిలేసి బిగించేస్తే ఆ ఖాళీ పూర్తిగా పోయి, రాకర్ వాల్వుని ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంచుతుంది. అప్పుడు కంప్రెషన్ ఎక్కడ నిలుస్తుంది? పైగా మీ ఇంజన్ హెడ్ అల్యూమినియం, వేడికి అది స్టీలు వాల్వు కన్నా ఎక్కువ పెరుగుతుంది కాబట్టి వేడెక్కాక ఖాళీ కాస్త పెరుగుతుంది. అందుకే ఆ ఇంజన్‌లో టాపెట్ కొలత చల్లగా ఉన్నప్పుడు సుమారు 0.15 మి.మీ., వేడి మీద సుమారు 0.25 మి.మీ. మీ బండి పొద్దున ఎక్కువ ఊగి, తిరిగాక నయం అవుతోందంటే ఈ లెక్కకు సరిగ్గా సరిపోతోంది.

ముందు కంప్రెషన్ చూడండి. ఇంజన్ వేడిగా ఉండగా మూడు ప్లగ్గులూ తీసేసి, కాయిల్ కనెక్షన్ తప్పించి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. మంచి ఇంజన్‌లో ఒక్కోటీ చదరపు సెంటీమీటరుకు 12 కిలోల పైన, అంటే 170 పీఎస్ఐ పైన చూపిస్తుంది, సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా కిలో దాటకూడదు. మూడోది తక్కువొస్తే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. బాగా పెరిగితే పిస్టన్ రింగులు (అంత వేడెక్కిన బండికి ఆ భయం లేకపోలేదు), పెరగకపోతే వాల్వులు. రెండూ మూడూ కలిసి తక్కువొస్తే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ కొట్టేసి ఉంటుంది, అప్పుడు బ్లాక్ పైముఖం వంగిందేమో స్కేలు పెట్టి చూడకుండా ఇంకో గ్యాస్కెట్ వేయనివ్వకండి. స్కేలు కింద 0.05 మి.మీ. బ్లేడు (ఖాళీ కొలిచే ఫీలర్ గేజ్ రేకు) దూరిందంటే వంగినట్టే.

టాపెట్ సెట్టింగ్‌కి బండి రాత్రంతా ఆగి ఉండాలి. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే కదా, సీటు ఎత్తి, వాల్వ్ కవర్ తీసి, డిస్ట్రిబ్యూటర్ రోటర్ మూడో వైరు వైపు చూసేదాకా క్రాంక్ పుల్లీని తిరిగే దిశలోనే తిప్పండి. అక్కడ మూడో సిలిండర్ రాకర్లు రెండూ వేలితో కదిపితే టిక్కుటిక్కుమని కొంచెం ఆడాలి. ఏదైనా ఒకటి బిగుసుకుపోయి ఆడకపోతే దొంగ దొరికినట్టే. లాక్ నట్ వదులు చేసి, 0.15 బ్లేడు పట్టీ పట్టనట్టు జారేలా స్క్రూ పెట్టి, నట్ బిగించాక తప్పనిసరిగా మళ్లీ బ్లేడు పెట్టి చూడండి, ఎందుకంటే నట్‌తో పాటు స్క్రూ కూడా తిరిగిపోతుంది, చాలామంది ఇక్కడే తొందరపడతారు. పనిలో పనిగా ఆరు వాల్వులూ చూడాలి. గ్రైండింగ్ అన్నిటికీ చేశారు కాబట్టి మిగతావీ బిగుతుగా ఉండే అవకాశం ఉంది. ఎగ్జాస్ట్ వాల్వు ఇలా తెరుచుకుని ఎక్కువ రోజులు నడిస్తే అంచు కాలిపోతుంది, కాబట్టి ఇది తేలేదాకా లోడు వేయకండి.

టాపెట్లు సరిగ్గా ఉండి కూడా కంప్రెషన్ రాకపోతే, పంక్చర్ షాపు కంప్రెసర్ చాలు. మూడో పిస్టన్ పైన ఉండగా, వాల్వులు మూసి ఉండగా, ప్లగ్ రంధ్రంలోంచి కొద్దిపాటి గాలి పెట్టి చెవి పెట్టండి. బుస్సుమని సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్‌లోంచి వస్తే ఇన్లెట్, ఆయిల్ పోసే మూతలోంచి వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా ఆ పాత హెడ్‌కీ క్రాక్. వాల్వు దగ్గరైతే హెడ్ మళ్లీ దించక తప్పదు, ఆ ఖర్చు మీ మీద పడకూడదు, గ్రైండింగ్ చేసిన లేత్ షాపు వాళ్లదే బాధ్యత. తిరిగి తీసుకునే ముందు ప్లగ్గులు బిగించి, హెడ్ బోర్లించి, గుంతల్లో కిరోసిన్ పోసి చూపించమనండి. పోర్టుల్లోకి (గాలి, పొగ వెళ్లే దారుల్లోకి) చెమ్మ దిగిందంటే పని సరిగ్గా కాలేదు.

ప్రశ్న: నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు సార్, ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్ ఉంటుంది. హెడ్ గ్యాస్కెట్ మార్చాక చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది, స్కానర్‌లో పీ0302 అని వచ్చింది. గట్టిగా తొక్కితే లైటు మిణుకుమిణుకుమంటోంది. నడపొచ్చా?
(కుప్పం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: లైటు మిణుకుతున్నప్పుడు నడపకండమ్మా. కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే భాగం) వెళ్లి అక్కడ మండుతుంది, అది పాడైతే ఈ రిపేరు కన్నా ఎన్నో రెట్లు ఖర్చు. పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్. ఆ కాయిల్ తీసి మూడో దాని మీద, మూడోది రెండో దాని మీద పెట్టించి, కోడ్ చెరిపి స్టార్ట్ చేయించండి. పీ0303 వస్తే కాయిల్ పాడైనట్టు. మళ్లీ పీ0302నే వస్తే ప్లగ్గుని కూడా అలాగే మార్చి చూడాలి, తర్వాత రెండో ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మేది) కనెక్టర్ క్లిక్‌మని కూర్చుందా, లోపల పిన్ను వంగిందా అన్నది చూడాలి. హెడ్ పని చేసేటప్పుడు ఈ వైరింగ్ అంతా పక్కకి లాగి కట్టేస్తారు, తిరిగి పెట్టేటప్పుడు కనెక్టర్ సగమే కూర్చోవడం మామూలు. అవన్నీ బాగుంటే పైన ఓమ్నీ ఆయనకి చెప్పిన కంప్రెషన్ పరీక్ష మీకూ వర్తిస్తుంది, కానీ ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి కాబట్టి సెల్ఫ్ కొట్టే ముందు కాయిల్ కనెక్టర్లతో పాటు ఇంజెక్టర్ల కనెక్టర్లు కూడా తీయించండి.