‘సైన్’ అనాలా, ‘జ్యా’ అనాలా?

సందేహం: ఎలక్ట్రానిక్ బోర్డులు పరీక్షించే పని నాది. ఒక బోర్డు మీద సింక్రో, రిజాల్వర్ (ఇరుసు ఎంత కోణం తిరిగిందో వోల్టేజిల రూపంలో చెప్పే పరికరాలు) అవుట్‌పుట్ ఛానళ్లను ఎలా సెట్ చేయాలో కొత్తవాళ్ల కోసం తెలుగులో రాసి గోడకు అంటించాను. ‘ముందుగా మోడ్ ఎంపిక చేయబడవలెను, తర్వాత సైన్ వోల్టేజి చూడవలెను’ అని రాస్తే, ‘సైన్ అంటే సంతకమా?’ అని ఒకరు అడిగారు. ‘జ్యా’ అని దిద్దాలా? ఛానల్‌ను ‘కాలువ’ అనవచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: మీ ఊళ్లో కాలువ అనగానే సాగర్ ఎడమ కాలువే గుర్తొస్తుంది. ఛానల్‌ను అలాగే ఉంచండి, టీవీ వచ్చాక అది అందరి నోటా నలిగిన మాటే.

త్రికోణమితిలోని ‘సైన్’ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అది మన ఇంటి నుంచి వెళ్లి, ముఖం మారి తిరిగొచ్చిన మాట. సంస్కృతంలో ‘జ్యా’ అంటే వింటినారి, తెలుగులో అల్లెతాడు. వృత్తంలో ఒక ముక్కను చూడండి. వంపు విల్లులా ఉంటుంది, దాని రెండు కొసలను కలిపే గీత నారిలా ఉంటుంది. అందుకే వంపు చాపం అయింది, గీత జ్యా అయింది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు పట్టిక కట్టింది ఈ నారిలో సగానికి, అంటే అర్ధజ్యకు. రానురాను ‘అర్ధ’ రాలిపోయి జ్యా మిగిలింది. దానికే ‘జీవా’ అని ఇంకో పేరు. అరబ్బులు దాన్ని ‘జీబ’ అని తీసుకున్నారు. అచ్చుల గుర్తులు పెట్టని వాళ్ల రాతలో అది ‘జైబ్’ అని కూడా చదవొచ్చు. జైబ్ అంటే అంగీ ఎదమీది మడత. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్లు ఆ మడతే అనుకుని ‘సైనస్’ అన్నారు. అదే మన సైన్! మనం రోజూ చెయ్యి పెట్టే జేబు కూడా ఆ జైబ్ నుంచి వచ్చిందే. మన పల్లెల్లో కీస అంటారే, అదే జేబు. ఇంత చరిత్ర ఉన్న మాటను బడిలో కాలిక్యులేటర్ మీది ‘sin’ అనే మూడక్షరాల బటన్‌గా మాత్రమే చూపిస్తున్నారు, నాకు బాధ అదే.

కొసైన్ పాత పేరు కోటిజ్య. కోటి అంటే వింటి కొన. కొసైన్‌లో మన ‘కొస’ వినిపించడం కాకతాళీయం.

మరి దిద్దాలా? ఇక్కడే తిరకాసు. బడి పుస్తకాల్లో ‘జ్యా’ అంటే నిండు నారి, సగం కాదు. గరిష్ఠం 11.8 వోల్టులుగా పెట్టిన రిజాల్వర్ ఛానల్‌లో 30 డిగ్రీల కోణం ఇస్తే సైన్ తీగల జతలో 5.9 వోల్టులు, కొసైన్ తీగల జతలో సుమారు 10.2 వోల్టులు రావాలి. ఆ 5.9ని ‘జ్యా వోల్టేజి’ అంటే పదో తరగతి చదివినవాడు తికమక పడతాడు. సింక్రోలో 120 డిగ్రీల ఎడంతో మూడు తీగలుంటాయి కాబట్టి అక్కడ ఈ రెండు పేర్లూ నేరుగా అతకవు. కాబట్టి ‘అర్ధజ్య’ అని మొదట ఒక్కసారి రాసి, తర్వాత ‘సైన్’ అనే సాగించండి. అర్ధజ్యతోనే సాగిస్తామంటే కాదనను.

‘ఎంపిక చేయబడవలెను’ ఒక్కటి మాత్రం ఒప్పుకోను. ఎవరు చేయాలి? ఎదురుగా నిలబడ్డవాడే కదా! ‘ముందు మోడ్ ఎంచుకోండి, సింక్రోనా రిజాల్వరా చూసుకోండి’ అని రాయండి.