తగలబడ్డ కేసినో, నీ కథ

తమ్ముడూ,

నీ కథ చదివాను. చీరల కొట్టు తగలబడటం గురించి మూడు పేజీలు రాశావు. మంటలు నాలుకలు చాచాయి, ఆకాశం ఎర్రబడింది, విధి నవ్వింది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ కొట్టు ఏ ఊళ్లో ఉందో, నిప్పెలా అంటుకుందో ఎక్కడా లేదు.

నువ్వు రాక్ పాటలు వింటావుగా, డీప్ పర్పుల్ వాళ్ల 'స్మోక్ ఆన్ ది వాటర్' వినకుండా ఉండవు. గిటార్ చేతికొచ్చిన కుర్రాళ్లలో సగం మంది ముందు వాయించేది ఆ ముక్కే. ఈసారి గిటార్ సంగతి వదిలేసి మాటలు విను.

1971 డిసెంబరులో ఆ బ్యాండు స్విట్జర్లాండ్‌లోని మాంట్రూకి వెళ్లింది, రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో లారీ తెప్పించుకుని అక్కడి కేసినోలో ఆల్బమ్ రికార్డు చేసుకుందామని. వీళ్ల పని మొదలవ్వకముందే, 4వ తేదీన అదే కేసినోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుంటే జనంలో ఎవడో ఫ్లేర్ గన్ (మండే వెలుగు గుండు వదిలే తుపాకీ) పైకప్పుకేసి పేల్చాడు. బిల్డింగంతా బూడిద. పొగ జెనీవా సరస్సు మీదికి పాకింది.

పాటలో ఉన్నది కూడా ఇంతే. ఊరి పేరుంది, జప్పా పేరుంది, ఫ్లేర్ గన్ ఉంది, లోపలికీ బయటికీ పరుగులు పెడుతూ పిల్లల్ని బయటికి లాగిన క్లాడ్ నాబ్స్ (అక్కడి జాజ్ ఫెస్టివల్ నడిపిన మనిషి) కూడా పేరుతో సహా ఉన్నాడు. వాళ్లేమీ మహాకవులు కాదు, ఒకటి రెండు లైన్లు చప్పగానే ఉంటాయి. కానీ నాకు నచ్చేది మంట ఆరాక వచ్చే భాగం. అక్కడ ఏడుపు లేదు, తత్వం లేదు. 'రికార్డింగ్‌కి చోటు లేదు, టైమ్ అయిపోతోంది' అన్న టెన్షనే ఉంది. చివరికి చలికి వణికించే ఖాళీ గ్రాండ్ హోటల్లో సర్దుకున్నారు. అక్కడ వెలిగిన ఎర్ర లైట్లు, పాత మంచాలు కూడా పాటలోకి వచ్చేశాయి.

ట్యూన్ అంతకుముందే పెవిలియన్ అనే థియేటర్లో రికార్డు చేశారు. రాత్రిపూట ఆ గోల భరించలేక చుట్టుపక్కలవాళ్లు కంప్లైంట్ ఇస్తే పోలీసులొచ్చి ఖాళీ చేయించారు. మాటలు మాత్రం చివర్లో, ఆల్బమ్‌కి ఇంకో పాట కావాల్సొచ్చినప్పుడు రాసుకున్నారు.

టైటిల్ ఏం పెట్టాలని అడిగావు. ఆ పాట పేరు, మంట ఆరిన కొన్నాళ్లకి, బేస్ వాయించే రోజర్ గ్లోవర్ నిద్రలేస్తూ పలికిన మాటట, అదీ డ్రగ్స్ పాటలా వినిపిస్తుందేమోనని ఆయనకే అనుమానం. ఆల్బమ్ నుంచి ముందు సింగిల్‌గా, అంటే విడి పాటగా, వదిలింది కూడా దీన్ని కాదు, 'నెవర్ బిఫోర్'ని. ఇది 1973లో సింగిల్‌గా వచ్చి అమెరికా బిల్‌బోర్డ్ హిట్ పాటల జాబితాలో 4వ స్థానం దాకా వెళ్లింది. కాబట్టి నీ టైటిల్‌కి తొందరేం లేదు. ముందు ఆ కొట్టు ఓనరు మర్నాడు పొద్దున్నే సరుకు బాకీవాళ్లు వస్తే ఏం చెప్పాడో కనుక్కుని, అది రాసి పంపు.

మీ అన్న