రెండు నెలలు పాట లేదు, అయినా గొంతు రాలేదు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది విశాఖపట్నం జాలారిపేట. మా ఆయనకు 48 ఏళ్లు. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పాట పాడతారు. మార్చిలో గొంతు బొంగురుపోయింది. జలుబు లేదు, జ్వరం లేదు. మిరియాల పాలు, కరక్కాయ, మెడికల్ షాపు వాళ్లిచ్చిన యాంటీబయాటిక్ రెండు కోర్సులు, అన్నీ అయ్యాయి. వేట నిషేధంలో ఇంట్లోనే ఉన్నారు, అయినా తేడా లేదు. “పాతికేళ్లు అరిచిన గొంతు, ఇంతేలే” అంటారు. నొప్పి లేదు కదా అని నేనూ ఊరుకున్నాను. బీడీలు రోజుకో కట్ట. మా అత్తగారు కూడా అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని. ఈఎన్‌టీకి చూపించాలా?

జవాబు: చూపించాలమ్మా, ఈ వారమే.

మీ ఉత్తరంలో వేట నిషేధం గురించి రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు కదలవు, వేలం ఉండదు, అరుపులుండవు. అరిచి వాచిన గొంతైతే అన్నాళ్ల విశ్రాంతికి ఎంతో కొంత తేరుకోవాలి. ఇసుమంతైనా మారలేదంటే ఇక నెపం పాట మీద వేసి కూర్చోవడానికి లేదు.

గొంతులో రెండు స్వరతంతులుంటాయి. మాట్లాడేటప్పుడు మగవాళ్లలో అవి సెకనుకు వందసార్లకు పైగా ఒకదానికొకటి తగులుతాయి. అంచు మీద ఆవగింజంత తేడా వచ్చినా సరిగా మూసుకోవు, గాలి జారిపోతుంది, గొంతు బొంగురవుతుంది. నొప్పి ఉండక్కర్లేదు. పార పట్టే అరచేతికి కాయలు కాసినట్టు, అరిచేవాళ్ల తంతుల మీద చిన్న బొడిపెలు వస్తాయి. అవి ప్రమాదం కాదు. పొగ తాగేవాళ్లకు తెల్లమచ్చలు, వాపు, క్యాన్సర్ కూడా రావచ్చు. వింటే మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి. చెవితో విని ఇదీ జబ్బని తేల్చే డాక్టరు లేడు.

తేల్చబోయి నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో గాజువాక నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. “పిల్లల మీద అరుస్తారు కదా” అని నవ్వేసి, సిరప్ రాసి పంపాను. నెల తర్వాత మళ్లీ వస్తే అప్పుడు చూశాను. ఎడమ తంతు కదలడం లేదు. దాన్ని ఆడించే నరం తిన్నగా గొంతుకు రాదు. ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం కింద మలుపు తిరిగి పైకొస్తుంది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తిలో గడ్డ. ఆ నెల రోజులూ నేను పోగొట్టినవే. ఆ తర్వాత మూడు వారాలు దాటిన గొంతుకు లోపల చూడకుండా మందు రాయలేదు.

జలుబుతో పోయిన గొంతు వేరు. వారం, మహా అయితే రెండు వారాల్లో వచ్చేస్తుంది. అది ఎక్కువగా వైరస్ పని, యాంటీబయాటిక్ దండగ. నీళ్లు, ఆవిరి, తక్కువ మాటలు చాలు. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి అనుకుంటారు గానీ తంతులకు అదీ శ్రమే. మిరియాల పాలు హాయిగా ఉంటాయి, తాగనివ్వండి. కానీ మింగింది అన్నవాహికలోకి పోతుంది. తంతులకు తగిలితే పొలమారుతుంది తప్ప నయం కాదు.

ఊపిరి తీసుకుంటే ఈల శబ్దం వచ్చినా, ఆయాసం వచ్చినా ఓపీ కోసం ఆగకండి, అర్ధరాత్రైనా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. దగ్గితే రక్తం పడటం, ముద్ద దిగకపోవడం, మెడలో గడ్డ, చెవి బాగానే ఉన్నా చెవిపోటు, థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మారిన గొంతు, వీటిలో ఏది ఉన్నా వారాలు లెక్కపెట్టకూడదు.

పరీక్షంటే ఆయనకు టెన్షన్ కాబోలు. ముక్కులో తిమ్మిరి మందు కొట్టి, సన్నటి కెమెరా గొట్టం పంపి, “ఈ...” అనమంటారు. ఐదు నిమిషాల పని. అనుమానం ఉంటే మత్తిచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఒకవేళ క్యాన్సరే అయినా, తంతు మీద మొదలైనది గొంతును ముందే మార్చేస్తుంది కాబట్టి తొందరగా దొరికే అవకాశం ఉంది. తొలి దశలో రేడియేషన్‌తోనో లేజర్‌తోనో ఎక్కువమందికి నయమవుతుంది. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఊరు దాటక్కర్లేదు. కానీ ముందు తంతులు చూడనివ్వండి, ఇప్పటి నుంచే అంతదూరం ఆలోచించకండి. బీడీ మాత్రం ఈ రోజే మానాలి. బొడిపె అయినా, మచ్చ అయినా, పొగ ఆగితేనే మానుతుంది.

అత్తగారి సంగతి ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. మండే కొస నోట్లో పెట్టుకుంటే ఆ వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. అక్కడ తెల్లబడటం, పుళ్లు, క్యాన్సర్ మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లలో చాలా చూశాం. ఆవిడకు కెమెరా కూడా అక్కర్లేదు, నోరు తెరిస్తే టార్చిలైటు చాలు.

తెల్లవారుజామున మొదలైన పాట పొద్దెక్కేసరికి ముగుస్తుంది కదా. ఆయన ఇల్లు చేరి పడుకుంటే మళ్లీ లేవరు. మీరే హార్బర్‌కు వెళ్లి, అటునుంచటే ఓపీకి తీసుకెళ్లండి. అత్తగారిని కూడా ఆటో ఎక్కించండి.