చికెన్ ఐదు నీళ్లు కడిగినా బేదులెందుకు?

ఎండలు ముదిరాయి, ఈసారి వచ్చిన ఉత్తరాలు సగానికి సగం కడుపు గురించే. అందరికీ విడివిడిగా రాయలేను కాబట్టి నాలుగే తీసుకున్నా. మొదటిదానికే సగం పేజీ పోయింది, ఏమనుకోకండి.

ప్రశ్న: మాది కర్నూలు. పోయిన ఆదివారం మా పాప పుట్టెంట్రుకల ఫంక్షన్. ఇంటి ముందే షామియానా వేసి, వంటవాళ్లను పిలిపించి చికెన్ బిర్యానీ, వంకాయ కూర, పెరుగు చట్నీ చేయించాం. రెండు గంటలకు భోజనాలు. రాత్రి దాకా అందరూ బాగానే ఉన్నారు, తెల్లారేసరికి పద్నాలుగు మందికి జ్వరం, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, బేదులు. మా అత్త దిష్టి అంటుంది, మా ఆయన చికెన్ ఉడకలేదంటాడు. ఉడికింది సార్, నేను దగ్గరుండి చూశా. పసుపు, ఉప్పు వేసి ఐదు నీళ్లు కడిగించా కూడా. ఉల్లిపాయ పడదని పెరుగు చట్నీ ముట్టని మా తోడికోడలి పిల్లలిద్దరికీ మాత్రం ఏమీ కాలేదు. తప్పెక్కడ జరిగింది?

జవాబు: దిష్టి తీయించండమ్మా, నాలుగు ఎండుమిరపకాయలతో పోయేదే. కానీ ముందు గడియారం చూద్దాం. తిన్న గంటకో, ఐదారు గంటల లోపో వాంతులు మొదలైతే అది వేరే కథ. వండినవాళ్ల చేతి నుంచి వచ్చిన స్టాఫైలోకాకస్ అనే క్రిమి అన్నా అయ్యుంటుంది, వండి బయట వదిలేసిన అన్నంలో పెరిగే బాసిల్లస్ అన్నా అయ్యుంటుంది. మీవాళ్లకు పన్నెండు గంటలు దాటాక, అదీ జ్వరంతో వచ్చింది. సాల్మొనెల్లా అనే క్రిమితో వచ్చే జబ్బు ఇలాగే వస్తుంది, మామూలుగా తిన్న 6 గంటల నుంచి 72 గంటల లోపు. గట్టిగా తేల్చాలంటే మలం కల్చర్ (ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయించాల్సిందే, ఉత్తరం చూసి ముద్ర వేయలేను. అయినా అనుమానం అటే పోతోంది.

మీరు చివర్లో ఊరికే రాసేసిన ఆ తోడికోడలి పిల్లల మాట దగ్గర నేను ఆగిపోయాను. బిర్యానీ వాళ్లూ తిన్నారు కదా! ముక్క లోపలి దాకా 74 డిగ్రీలు వేడెక్కితే సాల్మొనెల్లా చస్తుంది, దమ్ మీద పెట్టిన డేగిసాలో వేడి అంతకంటే చాలా ఎక్కువ. అంటే మీరు చెప్పింది నిజం, చికెన్ ఉడికింది. ఉడకనిది పెరుగు చట్నీ. అందులో వేసిన ఉల్లిపాయలు, కీర దోసకాయ పొయ్యి మొహం చూడలేదు.

ఇప్పుడు ఆ ఐదు నీళ్ల సంగతి. కొళాయి కింద పచ్చి చికెన్ పెట్టి దబదబా కడిగితే ఆ నీళ్లు మూరెడు దూరం చిందుతాయి. పక్కనే ఉల్లిపాయల బుట్ట, తరిగే పీట, మీ చీర కుచ్చిళ్లు, అన్నిటి మీదా పడతాయి. పసుపు రంగుకీ వాసనకీ పనికొస్తుంది కానీ ఈ క్రిమిని చంపదు, నిమ్మకాయ పిండినా అంతే. అసలు చికెన్ కడగొద్దనే ఇప్పుడు నిపుణులు చెబుతున్నారు. మనవాళ్లు వినరని నాకు తెలుసు, మా ఇంట్లోనే వినరు. సరే, అంత మనసొప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కలిపి వంచేయండి, కొళాయి కింద మాత్రం వద్దు. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. వంటవాళ్ల దగ్గర సాధారణంగా ఒకటే కత్తి, ఒకటే పీట ఉంటాయి, చికెన్ ముక్కలు కొట్టి, తడిగుడ్డతో ఓసారి తుడిచి, దాని మీదే ఉల్లిపాయ తరిగేస్తారు. ఆ గుడ్డ ఒక్కటి చాలు ఊరందరికీ పంచడానికి.

ఇక ఎండ. మన కర్నూలు మే నెలలో షామియానా కింద ఈ క్రిమి అరగంటకోసారి రెట్టింపవుతుందనుకోండి, పొద్దున ఎనిమిదికి తరిగిన కీర ముక్కల మీద వంద పడితే, రెండు గంటలకు వడ్డించేసరికి నాలుగు లక్షలు దాటతాయి. పెరుగు పులుపు కాస్త అడ్డుకుంటుంది కానీ, అప్పటికే పెరిగినవాటిని అది ఏం చేస్తుంది?

వైద్యం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. చాలామందికి రెండు రోజుల నుంచి వారంలో అదే తగ్గిపోతుంది. ముఖ్యం నీళ్లు: ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, అదీ తలగొట్టి కొలిచింది. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగొద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు మామూలు సాల్మొనెల్లాలో అది అక్కర్లేదు, పైగా క్రిమి ఒంట్లో ఇంకా ఎక్కువ రోజులు ఉండిపోవచ్చు, మందుకు మొండికేసే రకాలూ తయారవుతాయి. జ్వరంతో, రక్తంతో బేదులు అవుతుంటే వాటిని టక్కున కట్టేసే మాత్రలు కూడా వద్దు. నెలల పిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు, షుగర్, క్యాన్సర్ మందుల్లాంటివి వాడేవాళ్లయితే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎవరికైనా సరే మలంలో రక్తం పడినా, మూత్రం ఆగినా, మనిషి మత్తుగా ఉన్నా అంతే. ఇంకో మాట, 2006 నాటి ఆహార భద్రత చట్టంలో ఇలాంటి కేసులు చూసిన డాక్టర్లు అధికారులకు తెలియజేసే ఏర్పాటు ఉంది. పద్నాలుగు మందంటే చిన్న విషయం కాదు, జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి మీరైనా చెప్పండి. వంటవాళ్లను తిట్టడానికి కాదు, వాళ్లు వచ్చే ఆదివారం ఇంకో పెళ్లికి వెళ్తున్నారు కదా.

ప్రశ్న: సాల్మొనెల్లా అంటే సాల్మన్ చేప తింటే వచ్చేదా? (ఆదోని)

జవాబు: కాదన్నా. డేనియల్ సాల్మన్ అని అమెరికాలో ఓ పశువైద్యుడు ఉండేవాడు, ఆయన పేరు అది. 1885లో పందుల్లో దీన్ని కనిపెట్టింది ఆయన కింద పనిచేసిన థియోబాల్డ్ స్మిత్, పేరు మాత్రం పై ఆఫీసరుకు దక్కింది. మన ఆఫీసుల్లో లాగే.

ప్రశ్న: మా అబ్బాయికి రెండు రోజులు జ్వరం, బేదులు. ల్యాబులో విడాల్ చేసి టైఫాయిడ్ అన్నారు. టైఫాయిడ్ కూడా సాల్మొనెల్లానే అంటున్నారు, మరి కోడిగుడ్డు మానేయాలా? మాకు టెన్షన్‌గా ఉంది. (ప్రొద్దుటూరు)

జవాబు: ఇంటి పేరు ఒకటే, మనుషులు వేరు. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫి జంతువుల్లో కాపురం ఉండదు, మనుషుల ఒంట్లోనే, కోడికీ గుడ్డుకీ దాంతో పని లేదు. మనిషి మలం కలిసిన నీళ్లు, ఆ నీళ్లతో చేసిన తిండి, అదీ దాని దారి. ఒంట్లో చేరాక బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. కోళ్లు, గుడ్ల నుంచి వచ్చే రకాలు వేరు, అవి గంటల్లో, రోజుల్లోనే తేల్చేస్తాయి.

విడాల్ అనే రక్త పరీక్ష ఒక్కసారి పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ ఖాయం చేయడం నాకు అస్సలు నచ్చదు. ఎప్పుడో వచ్చి పోయిన జబ్బుకు, ఇంకేదో జ్వరానికి కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్ చేయించమని డాక్టరును అడగండి. టైఫాయిడ్‌కు మన హైదరాబాద్‌లో తయారైన కాంజుగేట్ టీకా ఉంది, 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ రకం టీకాను సిఫారసు చేసింది. కానీ అది టైఫాయిడ్‌కే, కోడి సాల్మొనెల్లాను ఆపదు.

గుడ్డు మానక్కర్లేదు, సొన గట్టిపడేదాకా ఉడకబెట్టి పెట్టండి. పెంకు శుభ్రంగా కనిపించినా లోపల ఉండొచ్చు, కోడి కడుపులోనే గుడ్డుకు చేరే రకం ఒకటుంది. అందుకే హాఫ్ బాయిల్, పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్ పిల్లలకు వద్దంటాను. తెలంగాణలో 2024 అక్టోబరు చివర్లో పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించారు. తుంగభద్ర దాటితే కర్నూలు, క్రిమికి బ్రిడ్జి మీద చెక్‌పోస్టేం ఉండదు.

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. శెనక్కాయలు వేయించి పొడి, పట్టీలు చేసి అమ్ముతాం. వేయిస్తాం కాబట్టి మా సరుకులో ఈ క్రిమి ఉండదు కదా?

జవాబు: బాగా వేగితే చాలామటుకు చస్తుందక్కా. వేయించాక మళ్లీ చేరొచ్చు. 2008–09లో పీనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అనే కంపెనీ సరుకుతో 714 మంది జబ్బు పడ్డారు, 9 మంది చనిపోయారు. వాళ్లూ వేయించి చేసినవాళ్లే. కప్పు కారే ప్లాంటు, సొంత పరీక్షల్లో సాల్మొనెల్లా తేలినా లారీ ఎక్కించిన సరుకు. 2015లో ఆ యజమానికి 28 ఏళ్ల జైలు పడింది. పొడిలో తడి ఉండదు కాబట్టి ఇది పెరగదు, కానీ నెలల తరబడి చావదు కూడా.

మీ ఇంట్లో ఏం చూడాలో చెబుతా. కోళ్లు, మేకలు తిరిగే కల్లంలోంచి వచ్చిన పచ్చి విత్తనాలు ఏ చేటలో చెరుగుతారో, వేయించినవాటి పొట్టు కూడా అదే చేటలో చెరుగుతారు. అవునా? మా అమ్మా అలాగే చేసేది. వేయించినవాటికి వేరే చేట, వేరే డబ్బా పెట్టండి, వాటిని ఆ పాత గోనెసంచి మీద ఆరబోయొద్దు, ఎలుక, బల్లి తిరిగే గదిలో మూత లేకుండా ఉంచొద్దు. అమ్ముతున్నారు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి, చిన్న వ్యాపారాలకు ఫీజు తక్కువే. రెండు చేటలూ కలిసిపోతాయని భయమైతే ఒకదాని అంచుకు ఎర్రగుడ్డ కట్టండి.