రెండో సంపుటికి ముందు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. రెండో సంపుటికి కథలు సిద్ధంగా ఉన్నాయనీ, వాటిని ఏ వరుసలో పెట్టాలా అని కూర్చున్న ప్రతిసారీ విసుగొచ్చి లేచిపోతున్నాననీ రాశావు. కొలతలు మొదలుపెడితే కథల్లో వేడి చల్లారిపోతుందని నీ భయం. అదే ఉత్తరం చివర, జపాన్ గాయని షీనా రింగో ఆల్బమ్ 'షోసో స్ట్రిప్' విన్న రాత్రి నిద్ర పట్టలేదని కూడా రాశావు. ఆ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడు. నీకు నిద్ర లేకుండా చేసిన ఆ ఆల్బమ్ అంత లెక్కగా కట్టిన పాటల సంపుటాలు నాకు తెలిసి చాలా తక్కువ.

ఫుకుఓకాలో పెరిగిన ఆ అమ్మాయి తొలి ఆల్బమ్ 'ముజాయి మొరటోరియం' 1999 ఫిబ్రవరిలో వచ్చింది. మాటా బాణీ తనవే. పది లక్షలకు పైగా అమ్ముడైంది. అలాంటిదే ఇంకొకటి చేసినా కొనేవాళ్లు కొనేవారు. ఏడాది తిరిగాక, 2000 మార్చి 31న, ఆమె 21వ ఏట, ఈ రెండోది వచ్చి 20 లక్షలు దాటింది. తొలి ఆల్బమ్ పేరులో 'నిర్దోషి' అన్న మాట ఉంది, దీని పేరులో 'దావా గెలుపు' ఉంది, సరిగ్గా నడిమధ్య పాట పేరు 'నేరమూ శిక్షా'. మొదటి ఆల్బమ్‌లో మొదలైన వ్యాజ్యాన్ని రెండోదానిలో నడిపించిందన్నమాట. నీ రెండో పుస్తకం మొదటిదాన్ని ఎక్కడ అందుకుంటుందో నువ్వు ఆలోచించావా?

ఇక కట్టుబడి చూడు. పాటలు 13. మొత్తం నిడివి 55 నిమిషాల 55 సెకన్లు. 'నేరమూ శిక్షా' అని చెప్పిన ఆ ఏడో పాట 'త్సుమి తో బత్సు'ను అద్దంగా నిలిపితే అటు ఆరు, ఇటు ఆరు పాటల పేర్లు ఒకదానికొకటి ప్రతిబింబాలు. జపనీయులు చైనా నుంచి వచ్చిన కంజీనీ, తమ సొంత లిపులైన హిరాగానా, కటకానాలనూ కలిపి రాస్తారు కదా, ఆ లిపుల అమరికలోనే ఈ ప్రతిబింబం ఉంది. మొదటి పాట 'క్యోగెన్షో', చివరి పాట 'ఇజోన్షో' రెండూ మూడేసి కంజీలు, రెండింటి చివరా జబ్బు అనే అర్థమిచ్చే ఒకే అక్షరం. అబద్ధాల జబ్బుతో మొదలై వ్యసనపు జబ్బుతో ముగుస్తుంది. ఐదో పేరులో ఏ స్థానంలో కంజీ ఉందో, ఏ స్థానంలో హిరాగానా ఉందో, తొమ్మిదో పేరులోనూ అంతే. నడిమి పేరు తనంతట తానే అద్దం: అటొక కంజీ, ఇటొక కంజీ, మధ్యలో ఒక్క హిరాగానా అక్షరం.

ఇంత కొలత వేసిన మనిషి పాటలో ఎలా ఉంది? 'ఐడెంటిటీ'లో గొంతు చిరిగిపోయేలా అరుస్తుంది. 'గిబ్సు'లో బతిమాలుతుంది. 'బెంకాయ్ డెబ్యుసీ'లో గిటార్లు చెవులు చిల్లులు పొడుస్తాయి. 'యామి ని ఫురు అమె'లో వయొలిన్లు వానలా దిగుతాయి. కొలతలో ఉన్న నిదానం గొంతులో ఎక్కడా లేదు. గోడలు గట్టిగా ఉన్నాయన్న ధైర్యం ఉంది కాబట్టే ఆమె అంతగా చెలరేగిందని నా నమ్మకం. ఇంకో మాట. ప్రతిబింబం పేర్లలో ఉందే తప్ప, ప్రతి జంటనూ ఒకే రకంగా పాడించలేదు. నాలుగోదైన 'గిబ్సు' బరువుగా సాగే ప్రేమపాట, దాని జంట పదోది 'సకానా' జాజ్ నడకతో తేలికగా పరుగెడుతుంది. లెక్క ఎక్కడ ఆగాలో కూడా ఆమెకు తెలుసు.

గజేంద్రుడి మొర చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లెవరూ యతిస్థానాలు లెక్కపెట్టలేదు. అక్షరాలను చక్రంలా, పాములా బొమ్మకట్టే చక్రబంధాలు, నాగబంధాలు అల్లినవారి నేర్పుకు దండం పెడతాను కానీ, ఆ పద్యాల్లో బంధం విప్పిన సంతోషం తప్ప నాకు మిగిలింది తక్కువ. 'షోసో స్ట్రిప్' కొలతలేవీ తెలియకుండానే నువ్వు కదిలిపోయావు. నీ పాఠకులకూ అలాగే జరగాలి. వరుస వెనక ఉన్న ఆలోచనను ముందుమాటలో వివరించకు.

నీ ఉత్తరంలో నాకు నచ్చని వాక్యం ఒకటుంది: బహుమతి వచ్చిన కథను మొదట పెడతానన్నావు. 'హొన్నో' పాట 1999 అక్టోబరులోనే సింగిల్‌గా, అంటే విడి పాటగా వచ్చి దేశమంతా మోగింది. నర్సు దుస్తుల్లో పిడికిలితో అద్దం పగలగొట్టే ఆ వీడియో తెలియని శ్రోత లేడు. ఆమె సింగిల్స్‌లో ఎక్కువ అమ్ముడైంది అదే. అలాంటి పాటను ఆల్బమ్‌లో పన్నెండో స్థానంలో పెట్టింది. అక్కడికి వచ్చేసరికి తెలిసిన పాటే కొత్తగా వినిపిస్తుంది, ముందున్న పదకొండు పాటలూ దాని అర్థాన్ని మార్చేశాయి కనుక. నీ బహుమతి కథ ఆ పరీక్షకు నిలుస్తుందని నాకు నమ్మకం ఉంది, నీకు ఉందా?

మరో సంగతి చెప్పకుండా ఉండలేను. తొలి ఆల్బమ్‌లోని 'మారునోఉచి శాడిస్టిక్' పాటలో ఆమె 'బెంజీ' అని ఒకరిని పిలుస్తుంది. బ్లాంకీ జెట్ సిటీ బృందపు గాయకుడు, గిటారిస్టు అసాయి కెనిచి ముద్దుపేరు అది. అభిమానిగా పిలిచిన పిలుపు. రెండో ఆల్బమ్ నడిమి పాటలో గిటారు వాయించింది ఆ అసాయి కెనిచే. ఎంత గర్వపడి ఉంటుందో అనిపిస్తుంది నాకు. అయినా అది ఆమె పాటగానే నిలిచింది, గిటారు ఆ గొంతుకు దారి ఇచ్చింది. నీ కథల్లో నువ్వు ఆరాధించే రచయితల గొంతులు వినిపిస్తున్నాయని ఎవరో అన్నారని బాధపడ్డావు. రానివ్వు. వాళ్లకు ఏ పని అప్పగించాలో నువ్వు నిర్ణయించు.

కథలన్నీ ఇప్పుడే పంపవద్దు. విషయసూచిక ఒక్కటీ రాసి పంపు. ఏ కథ పక్కన ఏ కథ ఉందో, ఎందుకుందో, ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు చాలు. మధ్యలో ఏ కథ పెట్టావో మాత్రం కాస్త వివరంగా రాయి. ప్రచురణకర్త తొందరపెడితే నా పేరు చెప్పి ఇంకో నెల గడువు అడుగు, నేనూ ఆయనతో మాట్లాడతాను.

ఆశీస్సులతో.